ఫోటోలో పడిన మెట్టె

కమలాక్షి రాట్నం తిప్పుతోంది. కండెకు ఎక్కుతున్న పట్టుదారం మూడోసారి తెగింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో కండెలు చుట్టింది చౌడక్క. ఆమె చేతిలో దారం తెగేది కాదు. తెగిన కొసలు ముడివేస్తూ కమలాక్షి పళ్లు కొరికింది.

"దాని చేతులు పడిపోను!"

మగ్గం గుంటలో కూర్చున్న భర్త సాయినాథ్ తలెత్తలేదు. "నెలాయ. ఇంకా ఆయమ్మను తిడతానే ఉండావా?"

"తిడితే సరిపోతాదా? దాన్ని నలుగురిలో నిలబెట్టి దొంగ అనిపించాల. అప్పుడుగానీ నా కడుపు చల్లబడదు."

ధర్మవరంలోని ఆ నేతవీధిలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త డిజైనుతో నేసే మొదటి చీర మగ్గం దిగేదాకా బయటివాళ్ల కంట పడనివ్వరు. కమలాక్షి ఆరు నెలలు కూర్చుని వేరుశనగ పూతను చీర అంచుగా గ్రాఫు కాగితం మీద గీసింది. కాగితం తడిస్తే కష్టమంతా పోతుందని ఫోనులో ఒక ఫోటో తీసిపెట్టుకుంది. ఎవరికీ పంపలేదు. అయినా తన చీర సగం కూడా కాకముందే, అదే అంచు ఉన్న మరమగ్గం చీరలు హిందూపురం దుకాణాల్లో వేలాడాయి. మగ్గం దాకా వచ్చే పరాయి మనిషి చౌడక్క ఒక్కతే. కమలాక్షి ఇంకెవరినీ అనుమానించలేదు.

"నేను యాడా చెప్పలేదు కమలమ్మా, నా బిడ్డ మీద ఒట్టు" అని నెల కిందట చౌడక్క గడపలో నిలబడి ఏడ్చింది. కమలాక్షి ఆమె చెప్పులు తీసి వీధిలోకి విసిరింది. ఆ సాయంత్రమే చౌడక్క పనిచేసే మిగతా ఎనిమిది ఇళ్లకూ వెళ్లి, దొంగను పెట్టుకోవద్దని చెప్పివచ్చింది. అన్ని ఇళ్లూ తలుపులు మూశాయి. అరవై ఏళ్ల ఆ మనిషి ముదిగుబ్బ వైపు కలుపుపనికి పోతోందని తెలిసిన పూట, కమలాక్షికి అన్నం రుచించింది.

అదీ చాలలేదు. సాక్ష్యం తెచ్చి నలుగురిలో నిలబెట్టాలని హిందూపురం బస్సెక్కింది. దుకాణం గంగాధరప్ప దగ్గర పాతిక చీరలు కొనేదానిలా కూర్చుంది.

"ఈ అంచు యాడ దొరికిందప్పా? మా ఊర్లో కూడా లేదే!"

"ఊరికే వస్తాదామ్మా? దుడ్లు పోసి కొన్న డిజైను. పెనుకొండలో ఒకాయన అమ్ముతాడు" అంటూ అతను గొప్పగా ఫోను చూపించాడు.

తెర మీద ఆమె గీసిన గ్రాఫే ఉంది. కాగితం పక్కన ఒక ఎడమకాలు, రెండో వేలికి ఒకవైపు విరిగిన ఆకు మెట్టె. కమలాక్షి తల వంచి తన కాలు చూసుకుంది. అది తన ఫోనుతో తాను తీసిన ఫోటో. చౌడక్క దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. కమలాక్షి ఫోనును ఆమె ఏనాడూ ముట్టింది లేదు.

తిరుగు బస్సు పెనుకొండలో ఆగింది. స్టాండు పక్క చిన్న బడ్డీ బంకులో నాలుగు చార్జింగు తీగలు వేలాడుతున్నాయి. పైన అట్ట మీద "చార్జింగు ఉచితం" అని ఉంది. రెండు నెలల కిందట పట్టు తెచ్చుకుంటూ ఆమె దిగింది అక్కడే.

"ఏమక్కా, చార్జింగు అయిపోయిందా? ఈడ పెట్టు" అన్నాడు ఆ పూట బంకు మనిషి. తీగ గుచ్చగానే ఫోను ఇంగ్లీషులో ఏదో అడిగింది. "ఒత్తక్కా, ఒత్తితేనే ఎక్కుతాది." ఆమె ఒత్తి, టీ తాగడానికి పోయింది.

ఫోటో పోయింది ఈ తీగలోంచేనని ఇప్పుడు అర్థమై కమలాక్షికి వాడి గొంతు నొక్కాలనిపించింది. చెప్పు దాకా పోయిన చేతిని వెనక్కి తీసుకుని పోలీసు స్టేషనుకు నడిచింది. ఎస్సై ప్రేమలత కథంతా విని ఇద్దరు కానిస్టేబుళ్లతో బంకుకు వచ్చింది. బల్ల కింద ల్యాప్‌టాప్ దొరికింది. తీగల కొసలన్నీ దానికే ఉన్నాయి. అందులో ఎవరెవరి పెళ్లి ఫోటోలో, ఆధార్ కార్డులో, ఎన్ని మగ్గాల డిజైన్లో!

"నువ్వు ఒత్తింది ఫోటోలు తీసుకోమనే అనుమతి. దాంతోనే తీసుకున్నాడమ్మా" అంది ప్రేమలత. "మీ ఊర్లో అందరికీ చెప్పు. మన చార్జరు, మన తీగ మనమే తీసుకుపోవాల. గోడకుండే కరెంటు ప్లగ్గులోనే పెట్టుకోవాల. పరాయి తీగ ముట్టకూడదు. చార్జింగు పెట్టినప్పుడు ఫోను ఏమన్నా అడిగి, అది మనకు అర్థం కాకుంటే, వద్దనే ఒత్తాల."

వాణ్ని జీపు ఎక్కిస్తుంటే కమలాక్షి రెప్ప వేయకుండా చూసింది. కోరుకున్న కక్ష తీరింది. కడుపు మాత్రం చల్లబడలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిది ఇళ్లవాళ్లనూ పిలిచింది. సాయినాథ్ వెళ్లి చౌడక్కను తీసుకొచ్చాడు.

"దొంగకు తలుపు తీసింది నేను, ఈ ఏలితోనే" అని కమలాక్షి అందరి ముందూ చెయ్యి చూపించింది. "శిచ్చ ఈయమ్మకు ఏసినా. పరాయి తీగకు ఫోను తగిలించేముందు ఒక్క నిమిషం ఆలోచించండి. మనిషి మీద నింద ఏసేముందు ఇంకొంచెం ఎక్కువ ఆలోచించండి. చౌడక్కా, రేపట్నించి రా. నీ రాట్నం ఈడే ఉండాది."

చదివేవారు కూడా ఈ మాట మరవకూడదు. ఫోనులోంచి పోయింది ఒక అంచు మాత్రమే. కోపంలో పోయింది పన్నెండేళ్ల నమ్మకం.

చౌడక్క రాట్నం దగ్గర కూర్చుంది. కమలాక్షి చుట్టిన కండెను చేతిలోకి తీసుకుని, ముళ్లను ఒక్కొక్కటే వేలితో తడిమింది. కలుపుతీసి కాయలు కాసిన ఆ వేళ్లకు పట్టుదారం పోగులు పోగులుగా తగులుకుంది. కండెను జాగ్రత్తగా బుట్టలో పెట్టి లేచింది. గడప బయట చెప్పులు తొడుక్కుని, ముదిగుబ్బ వైపు కలుపుపనికే వెళ్లిపోయింది.