వెనకగది పాలు

దుప్పటి చెంగులు కలిసేలోపే చిలక రవిక తడిసిపోయింది.

లాండ్రీలో పెద్ద దుప్పట్లు మడవాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని బిగలాగి, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి చెంగులు కలపాలి. అవతలి కొస పెద్దక్క చేతిలో ఉంది. ఆవిడకీ చిలకకీ ఏళ్ల తరబడి జత. ఒకరి అడుగు ఒకరికి తెలుసు. ఆ రోజు మాత్రం చిలక అడుగు మధ్యలోనే ఆగిపోయింది. హోటలు దుప్పట్ల మూట అయిపోవస్తోందని పక్కన ఆసుపత్రి మూట విప్పారు. అందులోంచి చేతిగుడ్డంత చిన్న దుప్పట్లు జలజలా బల్ల మీద పడ్డాయి. పుట్టిన పిల్లల్ని చుట్టేవి. వాటిని మడవడానికి ఇద్దరు అక్కర్లేదు.

చిలక చూపు తిప్పుకుంది. ఒళ్లు ఆ చూపుకన్నా ముందే పసిగట్టేసింది. రొమ్ములు సలిపాయి. లోపల మడతలు పెట్టి కట్టుకున్న గుడ్డ దాటి తడి పైకి పాకింది.

యంత్రాల మధ్యనుంచి సూపర్‌వైజరు వచ్చాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. పని ఆగితే మాత్రం ఊరుకోడు.

"ఉతికిన బట్టల మీద పడితే మళ్లీ ఉతకాలమ్మా. ఏదన్నా అడ్డం కట్టుకోకూడదూ?"

"కట్టుకున్నానండి. ఆగట్లేదు."

"ఇంకోటి కట్టుకో," అని వెళ్లిపోయాడు.

ఆ లాండ్రీలో కాన్పు సెలవుంది. సగం జీతంతో మూడు నెలలు. చిలక ఆ సెలవులోనే ఉండాల్సింది. కానీ ఆడపిల్ల పుట్టి, వారం పైచిలుకు బతికి, ఊపిరాడక ఆసుపత్రిలోనే పోయింది. సంగతి తెలిసిన మర్నాడే ఆఫీసునుంచి కబురొచ్చింది. సెలవు పిల్లని పెంచుకోడానికి ఇచ్చింది, పిల్లే లేనప్పుడు సెలవెందుకు, వచ్చి పనిలో చేరమని. చిలక వచ్చి చేరింది. మాట్లాడడం మొదలుపెడితే ఆపదని ఆమెకా పేరు పెట్టిన లాండ్రీ ఆడవాళ్లు ఇప్పుడు ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక ఆవిరి చాటున తలలు దించుకుంటున్నారు.

పెద్దక్క ఒక్కతే అడిగింది. "పాలు ఎండిపోడానికి డాక్టరమ్మ మాత్రలిచ్చిందన్నావు. వేసుకోలేదా?"

"అత్తయ్య వద్దంది."

"ఎందుకట?"

"మా ఆయన అక్క వస్తోంది. పిల్లాణ్ణి తీసుకుని."

పెద్దక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో దుప్పటి కొస జారవిడిచింది. వంగి తీసుకుని, మట్టి అంటిందేమోనని అటూ ఇటూ తిప్పి చూసింది.

*

అత్తగారు ఆ మాట చెప్పడం కూడా ఎంతో మామూలుగా చెప్పింది. కూర తరుగుతూ చెప్పింది. చిలక ఆసుపత్రినుంచి ఖాళీ చేతుల్తో వచ్చి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అంతకు ముందురోజే చిలక తల్లి వచ్చింది. కూతురి తల ఒళ్లో పెట్టుకుని ఒక పూట కూచుంది. "అత్తగారి మాట విను తల్లీ, నిన్ను పెట్టుకునే ఓపిక నా దగ్గర లేదు," అని చెవిలో చెప్పి, చీకటి పడకముందే బస్సెక్కింది. ఆమె ఇంట్లో కొడుకులూ కోడళ్లూ ఉన్నారు. ఆమె మాట చెల్లుబాటయ్యే రోజులు పోయాయి.

"ఆ మాత్రలు మింగకు," అంది అత్తగారు. "వచ్చేవారం మీ వదిన వస్తోంది. దానికి పాలు సరిగ్గా పడలేదు. డబ్బాపాలు పడితే పిల్లాడికి విరేచనాలు. నీకెలాగూ ఊరికే పోయేవేగా."

చిలక దుప్పటి తలమీదికి లాక్కుంది.

"నేనూ ఇద్దర్ని పోగొట్టుకున్నదాన్నే," అంది అత్తగారు. "మర్నాడే పనికెళ్లాను. నా మొహం ఎవరూ చూళ్లేదు. ఏడిస్తే వస్తారా?" ఆమె కత్తిపీట ముందునుంచి లేవలేదు. కంఠమూ మారలేదు. కూర తరగడం అయ్యాక లేచి వచ్చి మాత్రల పొట్లం తీసుకుని కొంగున కట్టుకుంది.

చిలక మొగుడు కిరాణా సరుకుల వ్యాను నడుపుతాడు. పొద్దున్నే బూట్లు వేసుకుంటుంటే చిలక అతని పక్కన కూచుంది.

"మీ అమ్మ చెప్పింది విన్నావా?"

"విన్నాను."

"నీకేమనిపిస్తోంది?"

అతను బూటు తాడు ముడివేసి, విప్పి, మళ్లీ వేశాడు. "పసివాడు కదా. వాడేం చేశాడు?" అన్నాడు. తర్వాత నేలకేసి చూస్తూ, "నాకూ తెలీదు," అన్నాడు. బయట వ్యాను యజమాని హారన్ కొట్టాడు. లేచి వెళ్లిపోయాడు.

ఆడపడుచు వచ్చింది. పిల్లవాడికి నెల దాటింది కానీ బొమికలు తేలి ఉన్నాడు. నెత్తిన చిలక కుట్టుకున్న టోపీ. కడుపుతో ఉన్నప్పుడు మధ్యాహ్నం అన్నం వేళల్లో లాండ్రీలోనే కూచుని కుట్టింది. అత్తగారు పెట్టెలోంచి తీసి ముందే పంపించేసిందన్న మాట. చిలక టోపీ మీదినుంచి చూపు తిప్పుకుంది. ఆడపడుచు కూడా టోపీ వైపు చూడకుండా, "ఎలా ఉన్నావే?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బిడ్డని గుడ్డలోంచి విప్పి చిలక వైపు చాచింది.

వెనకగదిలో గడియ వేశారు. బియ్యం డబ్బా మీద కూచుంది చిలక. పిల్లవాడు వెతుక్కుని, దొరకబుచ్చుకుని, కళ్లు మూసుకుని గుక్క వెనక గుక్క మింగుతుంటే ఆమెకి ముందు ఒళ్లంతా చల్లబడింది. తర్వాత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ తర్వాత నొప్పి తగ్గిపోయింది. రోజుల తరబడి రాయిలా బిగిసిపోయిన ఛాతీ తేలికపడింది. ఆ తేలికే ఆమెని ఏడిపించింది. ఆడపడుచు గడియ మీద చెయ్యి వేసి, వీపు ఇటు తిప్పి నిలబడింది. ఆమె భుజాలు కూడా కదులుతున్నట్టు చిలకకి అనిపించింది.

"మా అత్తగారికి తెలియకూడదే," అంది ఆడపడుచు అటే చూస్తూ. "వాళ్లింట్లో పాలు లేని తల్లి పుట్టలేదట. పొద్దస్తమానం అదే దెప్పు. ఇంకొకరి పాలు తాగుతున్నాడని తెలిస్తే నన్నిక్కడే వదిలేస్తారు."

"నేనెవరికి చెప్తాను వదినా," అంది చిలక.

పిల్లవాడు నాలుగు రోజుల్లో బుగ్గలు పట్టాడు. చిలక లాండ్రీనుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చేది. చెప్పులు విప్పకముందే వాడి ఏడుపు వినిపించేది. ఏడవని రోజున గుమ్మంలో ఆగి చెవులు రిక్కించేది. వాడికీ ఆమె వాసన తెలిసిపోయింది. పాలు తాగడం అయిపోయాక కూడా ఆమె వేలు వదలక గుప్పిట్లో బిగించి, మొహంలోకి చూసేవాడు. ఒకనాడు ఆమె వాడికి ఏదో చెబుతోంది. ఆసుపత్రి సంగతి, లాండ్రీ సంగతి. ఎన్నాళ్ల తర్వాతో మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఆడపడుచు గబుక్కున వచ్చి బిడ్డని లాక్కుంది.

"పాలిచ్చి ఇచ్చెయ్. ఆడించకు వాణ్ణి."

ఆ రోజునుంచి అత్తగారే కాపలా కూచుంది. తాగుతున్నంతసేపూ చిలక మొహం మీదికి కొంగు లాగి ఉంచేది. వాడు ఆమె కళ్లలోకి చూడకుండా.

*

సెలవు రోజున పిల్లవాడికి పేరు పెట్టే వేడుక. ఆడపడుచు అత్తవారు వస్తున్నారు. వేడుక అయ్యాక తల్లీబిడ్డల్ని తీసుకెళతారు. ముందుగది గోడకి రంగు కాగితాలు అంటించారు. అద్దె కుర్చీలు వచ్చాయి. కేకు వచ్చింది. చిలక పొద్దుటినుంచి వంటింట్లో నిలబడే ఉంది. పులుసు దించి, అన్నం వార్చి, చేయి కడుక్కుంటుంటే అత్తగారు వచ్చి చెప్పింది.

"వాళ్లున్నంతసేపూ నువ్వు ముందుకి రాకు. ఒంట్లో బాగాలేదని చెప్తాను. వాడు ఏడిస్తే నేనే తీసుకొస్తాను, గది తలుపేసుకో."

"కేకు కోసేప్పుడు కూడానా అత్తయ్యా?"

"ఎందుకు, నీ మొహం చూసి వాళ్లు ఏమైందని అడగడానికా?"

అత్తవారు వచ్చారు. ఇల్లు నిండిపోయింది. వంటింటి తలుపు సగం చేరవేసి ఉంది. ఆ సందులోంచి చిలకకి వియ్యపురాలి పట్టుచీర అంచూ, ఆడపడుచు ఒళ్లో తెల్లగా మెరిసే కొత్త దుస్తుల్లో పిల్లవాడూ కనిపిస్తున్నారు. పేరు పెట్టారు. అందరూ ఆ పేరుని ఒకసారి పలికి చూశారు, బాగుందన్నారు, ముత్తాత పేరు కలిసొచ్చిందన్నారు. చిలక కూతురికి పేరు పెట్టే వ్యవధే లేకపోయింది. ఆసుపత్రివాళ్లు అడిగితే మొగుడు, "ఇంకా అనుకోలేదండి," అన్నాడు.

వియ్యపురాలు మనవణ్ణి ఎత్తుకుని తూచినట్టు పైకీ కిందికీ ఊపింది. "బాగానే తేరుకున్నాడే. చూశావా అమ్మాయ్, శ్రద్ధ పెడితే పాలు అవే పడతాయి." ఆడపడుచు తలవంచుకుని నవ్వింది. వియ్యపురాలు అత్తగారి వైపు తిరిగింది. "అవునూ వదినగారూ, మీ కోడలు కూడా నెలలు నిండినట్టు ఎవరో అన్నారు. ఏం పుట్టారు?"

చిలక చేతిలో గరిటె ఉంది. దాన్ని చప్పుడు కాకుండా గిన్నెలో పెట్టింది.

"అబ్బే, ఎవరన్నారో," అంది అత్తగారి గొంతు. తడబాటన్నది లేదు. "అదేం లేదండీ. వాళ్లకింకా కాలం రాలేదు. చూడాలి."

"అయ్యో. పెళ్లై మూడేళ్లు కాలేదూ? ఎవరికైనా చూపించకపోయారా?"

"చూపిస్తున్నామండీ."

మొగుడు ఆ గదిలోనే ఉన్నాడు. అతను ఏదో అంటాడని చిలక తలుపు సందులోంచి చూసింది. చిట్టచివరి కుర్చీలో కూచుని, పళ్లెంలో కేకు ముక్కని చెంచాతో సన్నగా పొడి చేస్తున్నాడు. చిన్న గుడ్డమూటని రెండు చేతులతో మోసుకుని ఒంటరిగా వెళ్లి పూడ్చి వచ్చినవాడు అతనే. చెవిటివాడిలా కేకు పొడి చేస్తున్నాడు.

అప్పుడు పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఆకలి ఏడుపు. చిలక రొమ్ములు చేపుకొచ్చాయి. క్షణంలో అత్తగారు బిడ్డని భుజాన వేసుకుని, "తడిపాడేమో, మార్చుకొస్తాను," అంటూ వంటింట్లోకి వచ్చింది. కాలితో తలుపు మూసింది.

"ఊఁ, గదిలోకి పద."

చిలక కదల్లేదు.

"వినపడలేదా? గుక్కపట్టేలా ఉన్నాడు."

"ఇస్తాను అత్తయ్యా. ముందుగదిలో ఇస్తాను."

అత్తగారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "మతి పోయిందా నీకు? దాని కాపురం ఏమవుతుంది?"

"మీరు లేదన్నారే, అది నా కూతురు. పూడ్చేముందు మీ చేత్తోనే నీళ్లు పోశారు దానికి," అంది చిలక. గొంతు పెద్దది చెయ్యలేదు. "వాడికి పాలివ్వనని నేనన్లేదు. గదిలోకి మాత్రం వెళ్లను."

ఎప్పుడూ ఎండిపోయి ఉండే అత్తగారి కళ్లలో ఏదో కదిలింది కానీ, ఏమిటో తెలిసేలోపు బిడ్డని గట్టిగా పొదువుకుని గిరుక్కున వెనక్కి తిరిగి, ఏడుస్తున్నవాణ్ణి అలాగే తీసుకెళ్లి కూతురి ఒళ్లో పెట్టింది. ఆమె వెనకాలే చిలక కూడా ముందుగదిలోకి వచ్చింది. వంటపని చీర, చెదిరిన జుట్టు. ఆడపడుచు పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూచుంది.

"ఒంట్లో బాగాలేదన్నారే," అంది వియ్యపురాలు.

"బాగానే ఉందండి," అంది చిలక. "నాకు ఆడపిల్ల పుట్టింది. పోయింది. పోయి ఇంకా నెల కాలేదు. పాలు మాత్రం ఉన్నాయి. ఇన్నాళ్లూ మీవాడు తాగింది అవే." ఆడపడుచు వైపు తిరిగి చేతులు చాచింది. "ఇలా ఇవ్వు వదినా."

ఆడపడుచు మొహంలో నెత్తురు చుక్క లేదు. తన అత్తగారి వైపు చూసింది, తన మొగుడి వైపు చూసింది. అక్కడ ఎవరి మొహంలోనూ దారి కనిపించలేదు. ఉన్నట్టుండి నవ్వింది. "పాపం, ఆ బాధతో ఏదేదో మాట్లాడుతోందత్తయ్యా," అని, కొంగు కప్పి, బిడ్డని తన రొమ్ముకే అదుముకుంది. పిల్లవాడు ఆత్రంగా అందుకున్నాడు. రెండుసార్లు పీల్చాడు. వదిలేశాడు. ఈసారి వాడి ఏడుపులో కోపం ఉంది.

"మరి తాగడేం?" అంది వియ్యపురాలు, ఎవరినీ ఉద్దేశించకుండా.

అత్తగారు పళ్లెం తీసుకుని వచ్చినవాళ్లకి మళ్లీ కేకు పెట్టడం మొదలుపెట్టింది. వద్దన్నవాళ్లకి కూడా పెట్టింది. చిలక మొగుడు లేచి వచ్చి, వంగి, "లోపలికి పోదాం రా," అన్నాడు మెల్లిగా. ఆమె అతని వైపు చూడలేదు. వాడు ఏడ్చినప్పుడల్లా రవిక ఇంకాస్త తడుస్తోంది. లేచి వెనకగదిలోకి వెళ్లి కూచుంటే రెండు నిమిషాల్లో బిడ్డ ఆమె ఒళ్లో ఉంటాడని ఆమెకి తెలుసు. ముందుగదిలో ఉన్న అందరికీ తెలుసు.

పిల్లవాడు కొంగు కిందనుంచి తల విదిలించుకుని ఆమె ఉన్న వైపు మొహం తిప్పాడు. ఆడపడుచు వాడి తలని అరచేత్తో పట్టి వెనక్కి తిప్పింది. వాడు మళ్లీ తిప్పాడు.

చిలక లేవలేదు. చేతులు రెండూ అలాగే చాచి కూచుంది.