అప్పా అన్న పిలుపు

పిలుపులన్నీ ఒక్కటి చేస్తూ చట్టం వచ్చినప్పుడు, గజపతినగరం పక్కన ఒక ఊళ్లో అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు సోములు. అంత ముసలివాణ్ణీ కామందుల పిల్లలు ‘ఒరే’ అనేవారు. ఇకమీదట అందరూ అందరినీ ‘సమానా’ అనే పిలవాలి. మంచిదే అనుకుంది కూర్మమ్మ. ప్రసాదం ఏ చేతిలో పడినా ఒకటే కదా, మర్యాద మాత్రం మనిషికో రకంగా ఎందుకుండాలి?

కానీ చట్టం ‘ఒరే’ దగ్గర ఆగలేదు. అన్న అంటే పెద్ద, తమ్ముడంటే చిన్న. కాబట్టి రెండూ నేరమే అన్నారు. అక్క, అత్త, మావ, తాత అన్నీ పోయాయి. నోరు జారినవాళ్లను అయినవాళ్లకు దూరంగా శిబిరానికి పంపేస్తున్నారు. ఇళ్లలో పొయ్యిలు ఆర్పించి ఊరందరినీ ఉమ్మడి భోజనశాలలో కూర్చోబెట్టారు.

కూర్మమ్మ అక్క బుల్లమ్మకు మతి తప్పింది. తల్లి పోయాక కూర్మమ్మను చంకనేసుకుని పెంచిన మనిషి, ఇప్పుడు తన పేరే ఎరగదు. అక్కను అక్కడ పిలిచే తీరున చెల్లెలు ‘అప్పా’ అంటేనే నోరు తెరుస్తుంది. ‘సమానా, తిను’ అంటే గోడవైపు తిరిగిపోతోంది. గుసగుసగా పిలుద్దామంటే చెవుడు. భోజనశాలకు వచ్చింది మొదలు మెతుకు ముట్టలేదు. పెదాలు బీటలు వారాయి.

ఆ మధ్యాహ్నం కూర్మమ్మ చోడి అంబలి గిన్నెతో అక్క ముందు చతికిలబడింది.

“పిలిసీమ్మా,” అన్నాడు పక్కన సోములు మెల్లగా.

“పిలిస్తే నన్నట్టుకెళ్లిపోతారు. అప్పుడు దీనికి కూడు ఎవలెడతారు?”

“పిలవకపోతే, ఎట్టడానికి ఆయమ్మే ఉండదు.”

కూర్మమ్మ కళ్లు మూసుకుంది. ‘కూర్మనాథా, నిన్ను నేను తండ్రీ అంటాను. మా అప్ప ఒరే సామీ అనేది. ఎప్పుడైనా కోప్పడ్డావా? నీకు లేని కోపం వీళ్లకెందుకు?’

కళ్లు తెరిచింది.

“అప్పా! ఓలప్పా! ఇటు సూడే!”

బుల్లమ్మ తల తిప్పింది, నోరు తెరిచింది. కూర్మమ్మ అంబలి పోసింది. గుటక పడింది.

భోజనశాల అధికారి ధనరాజ్, కూర్మమ్మ వీధి కుర్రాడే, శిబిరంవాళ్లను పిలిచే ఈల పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“ఏటి పిలిసినావు?”

“అప్ప అన్నాను. నీకూ సెవుడేటి?”

“సట్టం తెల్దా? నోర్ముయ్ పిన్నీ!”

మాట బయటపడ్డాక గానీ ధనరాజ్‌కు తెలియలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“మరింకేటి సమానా,” అన్నాడు సోములు, “శిబిరానికి ఇద్దరూ కలిసెల్లండి.”

నవ్వు శాలంతా పాకింది. ధనరాజ్ ఈల నోటిదాకా వెళ్లి ఆగింది.

“అలవాటుగా వచ్చేసినాది...”

“నీకు జొరమొస్తే నా ఒళ్లో తొంగున్నావురా,” అంది కూర్మమ్మ. “ఆ మాట నీ సట్టం పుట్టించినాదేటి, సంపడానికి? ఎవల్ని పిలుస్తావో పిలు. ఆలొచ్చినదాకా మా అప్పకి కూడెడతాను. ఆలెదురుగానే మల్లీ పిలుస్తాను.”

బుల్లమ్మ మూతి చిట్లించింది. “ఉప్పు సాల్నేదే, సెల్లీ.”

అందరికీ ఒకే కొలతలో ఉప్పు వేసిన అంబలి అది. ఒకరికి ఎక్కువ వెయ్యకూడదు.

“ఇన్నావు కదా,” అంది కూర్మమ్మ ధనరాజ్ కళ్లలోకి చూస్తూ. “మీ పెద్దమ్మకి ఉప్పు సాల్నేదట. తే.”

ధనరాజ్ వీధి గుమ్మం వైపు చూశాడు. తర్వాత వంటగది వైపు చూశాడు.