అట్ట మీద ఎర్రటి మరక

మా అమ్మాయి సెన్యాకు కొండ అవతలి ఊళ్లో ఎక్స్‌రే క్లినిక్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు, నేను ముందు చేసిన పని సంతోషించడం కాదు, వాతావరణ వార్తలు పెట్టడం. రోజూ నలభై మైళ్లు వెళ్లాలి, నలభై మైళ్లు రావాలి, మధ్యలో ఆ కొండ, పైగా నవంబరు. మా ఉత్తర మిషిగన్‌లో రోడ్డు పొద్దున ఒకలా ఉంటే పదింటికి ఇంకోలా ఉంటుంది. ఏదో ఒకటి జరిగి తీరుతుందని నాకు తెలుసు. అదేమిటన్నదే తేలలేదు.

శనివారం తేలింది. సెన్యా కారులో కొండ దాకా ఒకసారి వెళ్లి చూసొస్తానని వెళ్లి, తిరిగొచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"అమ్మా, గేర్‌బాక్స్ పోతున్నట్టుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరు పడుతుంది, వెంటనే రెండుకి జారుతుంది, మళ్లీ మూడు. ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు."

"కొండ మధ్యలో ఆగిపోయుంటే?"

"ఆగలేదుగా. ఇంటికొచ్చానుగా."

"ఈసారికి వచ్చావు."

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మార్చడమంటే మా కారు ఖరీదుకన్నా ఎక్కువే. ఇంకో కారు లేదు. సోమవారం ఏడింటికి రాకపోతే వరసలో ఉన్న ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తామని క్లినిక్ వాళ్లు ముందే చెప్పారు. ఇదంతా నాకు తెలుసు. అయినా గేర్‌బాక్స్ మాట వినగానే నాలో ఒక మూల హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

గేర్ ఆయిల్ ఇంట్లోనే చూసుకోవచ్చని ఫోన్లో ఉంది. ఆరో వీడియో సగంలో ఆపి, ధైర్యంగా బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగాను. గీత దాటి బొటనవేలంత పైదాకా ఆయిల్ అంటుకుని ఉంది.

"పొంగుతోంది," అన్నాను. "నిప్పంటుకుంటే?"

పక్కింటి రేనో అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. ముప్ఫై ఏళ్లు గేర్‌బాక్స్‌లు విప్పి బిగించిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పోయాయి కనుక సలహాలు మాత్రం చెబుతాడు.

"ఐలీ, ఇంజను ఆపి చూశావా?"

"నడుస్తుంటే చెయ్యి పెట్టమంటారా? ఉన్నవి రెండే చేతులు."

"నడుస్తుండగానే చూడాలి. బండి వేడెక్కాలి, పార్క్‌లో ఉండాలి, చదునైన నేల మీద ఉండాలి. నువ్వేమో వాలులో పెట్టి, చల్లగా ఉన్నప్పుడు చూశావు. దగ్గుతున్నవాణ్ణి తలకిందులుగా వేలాడదీసి జ్వరం చూసినట్టుంది."

రోడ్డు మీదికి తెచ్చి మళ్లీ చూశాం. రెండు గీతల మధ్య సరిగ్గా ఉంది. చెర్రీ రసంలా ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. సెన్యా బ్రేకు తొక్కిపట్టి గేరు రివర్స్‌లోకి, డ్రైవ్‌లోకి మార్చింది. రెండూ ఆలస్యం లేకుండా పడ్డాయి.

"బానే ఉందే," అన్నాడు రేనో గడ్డం గోక్కుంటూ. "రాత్రికి కింద అట్ట పరచండి. తెల్లారేసరికి ఎర్ర చుక్క పడితే లీకు. అప్పుడు దాన్ని ఎక్కించుకుపోయే లారీని పిలవడమే."

ఒక అట్టముక్క చాలన్నాడు. నేను ఫ్రిజ్ అట్టపెట్టె చింపి, ముక్కు నుంచి తోక దాకా పరిచాను.

ఆదివారం పొద్దున అట్ట మీద అరచేతంత ఎర్రటి మరక ఉంది.

సెన్యా కిటికీలోంచే చూసింది. ఏదైనా అవసరమైతే ఆదివారమైనా ఫోన్ చెయ్యమని క్లినిక్ పెద్దావిడ ఇచ్చిన నంబరు కాగితం తీసుకుని, రాలేనని చెప్పడానికి ఫోను దగ్గరికి వెళ్లింది. నేను మోకాళ్ల మీద కూర్చుని మరకలో వేలు పెట్టి, మాడు వాసన వస్తుందా అని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

వెనిగర్, లవంగాలు.

అప్పుడు చూశాను, మరక కారు వెనకాల ఉంది. గేర్‌బాక్స్ ముందుంటుంది. వెనకాల ఉండేది డిక్కీ. ఉద్యోగం మాట వచ్చిన దగ్గర్నుంచి ప్రతి పొద్దునా, సెన్యా నిద్ర లేవకముందే, ఆ డిక్కీలో దుప్పటి కింద ఏమేం పెట్టానో నాకొక్కదానికే తెలుసు. మా నాన్న చలికాలం ట్రక్కులో ఇసుక మూటలు వేసేవాడు, చక్రాలు జారకూడదని. నేను అయిదు మూటలు వేశాను. ఒక్కోటి అరవై పౌండ్లు. పైన చక్రాలకు చుట్టే గొలుసులు, పార, జారే చోట చల్లడానికి పిల్లుల దొడ్డికి వాడే ఇసుక రెండు సంచులు, సూపు డబ్బాలు, ఆకలేస్తే తినడానికి నా బీట్‌రూట్ ఊరగాయ సీసాలు మూడు. చలికి ఒకటి పగిలింది.

లోపల సెన్యా నంబరు నొక్కుతోంది. నేను నోరు మూసుకుంటే చాలు. పిల్ల ఇంట్లోనే ఉంటుంది, కొండ ఉండదు, మంచు ఉండదు. నేను ఆ వేలు కోటుకి తుడుచుకున్నాను కూడా.

ఆ తర్వాత లోపలికి పరిగెత్తాను. చెప్పులకంటిన మంచు అంతా గచ్చు మీదే.

"ఫోను పెట్టెయ్. అది ఊరగాయ."

"ఏంటమ్మా?"

"గేర్‌బాక్స్‌కి ఏం కాలేదు. నేనే."

డిక్కీ తెరిచి సెన్యా దుప్పటి ఎత్తి మూటలు లెక్కపెట్టింది. రేనో కంచె దాటి వచ్చి ఒక మూట ఎత్తబోయి, మోకాలు పట్టుకుని వదిలేశాడు.

"ఇద్దరు పెద్దమనుషుల్ని వెనక పడుకోబెట్టి కొండ ఎక్కించావు. గేరు ఏది వేసుకోవాలో తెలీక అది అల్లాడింది, పాపం," అన్నాడు. "ఇంకో సంగతి. మీ నాన్న ట్రక్కుని లాగేవి వెనక చక్రాలు. దీన్ని లాగేవి ముందువి. వెనక బరువు పెరిగితే ముందు తేలిపోతుంది. జారకుండా చెయ్యబోయి జారేలా చేశావు."

ఇన్నాళ్లూ మంచును చూసి భయపడ్డాను. అద్దంలో చూసుకుని భయపడినా సరిపోయేది.

ఖాళీ డిక్కీతో సెన్యా కొండెక్కి వచ్చింది. మూడో గేరు ఒక్కసారి పడి అలాగే ఉందట. మధ్యాహ్నమంతా నేను డిక్కీలో వెనిగర్ కడుగుతూ ఉన్నాను.

సోమవారం ఆరింటికి సెన్యా బయల్దేరింది. ముందు డిక్కీ తెరిచి చూసుకుంది. పార, దుప్పటి, అంతే. తృప్తిగా మూసి, ముందు తలుపు తీసి ఆగిపోయింది. పక్క సీట్లో ఒక ఇసుక మూట, బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ముందు చక్రాల మీద బరువుండాలన్నాడుగా," అన్నాను.

సెన్యా మూట వంక చూసింది, నా వంక చూసింది.

"సరే, రానీ," అంది. "ఇది దారంతా 'నెమ్మది, నెమ్మది' అనదుగా."

కారు వీధి మలుపు దాకా ఒక్క కుదుపు లేకుండా వెళ్లింది. నేను లోపలికొచ్చి వాతావరణ వార్తలు పెట్టాను.