పడవ చెక్కల తలుపు

హైమ మేడం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రాజమహేంద్రవరంలో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకు, భూమికి భారం కాని ఇళ్లు ఎలా కట్టాలో ఆవిడ పాఠం చెబుతుంది. ఈసారి కాలేజీల పోటీకి పాత సామానుతోనే ఒక క్లాసు గది కట్టమంది. "కొత్త కర్ర ఒక్కటి కొన్నా సున్నా మార్కులే" అని తేల్చేసింది. అందరూ పాత కిటికీలూ, విరిగిన మంచాలూ మోసుకొచ్చారు. కాకినాడ దాటాక సముద్రపు ఒడ్డున ఉండే ప్రసన్నకుమార్ మాత్రం పాత పడవ చెక్కలు తెచ్చి ఆ గదికి తలుపు చేశాడు. ఉప్పునీటికి నల్లబడ్డ ఆ చెక్కను చూసి హైమ మురిసిపోయింది. అది ఎవరి పడవో అడగాలన్న ఇంగితం మాత్రం కలగలేదు.

బిగించిన నాటి నుంచి తలుపు అడుగున తడే. తుడిస్తే మళ్లీ తడి. చెక్కలోని పాత ఉప్పు గాలిలోని చెమ్మని పీలుస్తోందని హైమ పిల్లలకు చక్కగా వివరించింది. వివరించినావిడే ఆ గదిలో ఒంటరిగా కూర్చోవడం మానేసింది. భయం, ఇంకేముంది!

పోటీకి జడ్జీలు రేపు వస్తారనగా తలుపు సంగతి తెలిసి ప్రసన్నకుమార్ తల్లి లోవమ్మ వచ్చింది.

"మా ఆయన వేటకెళ్లిన పడవండి ఇది. పడవ కొట్టుకొచ్చింది, ఆయన రాలేదండి. మనిషిని మింగిన చెక్కని గుమ్మానికి కట్టకూడదండి. సముద్రానికే ఒప్పజెప్పాలి. లేకపోతే ఆయనకి దారి దొరకదండి."

"నాన్న దగ్గరున్నట్టుంటుందని తెచ్చానండి. అమ్మకి చెప్పలేదు" అన్నాడు కొడుకు, తలెత్తకుండా.

ఇచ్చేయాలనే అనిపించింది హైమకు. కానీ ఆ పోటీలో బహుమతి కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచాయి.

"రెండు రోజులు ఓపిక పట్టండమ్మా. జడ్జీలు చూసి వెళ్లగానే ఇచ్చేస్తాను."

"ఆయ్, అలాగేనండి."

గొడవ పడి ఉంటే బాగుండేది. లోవమ్మ సంచిలోంచి క్యారేజీ తీసి, అన్నంలో చేపల పులుసు కలిపి తలుపు ముందు పెట్టింది. పక్కనే చతికిలబడింది.

"ఇక్కడెందుకమ్మా? హాస్టల్లో పడుకోండి."

"ఆయన్ని ఒక్కడినీ వదిలేసి ఎలా వెళ్తానండి?" అని, తలుపుకి చెంప ఆనించి మెల్లగా చెప్పింది. "మేడం గారు రెండు రోజులు ఆగమంటన్నారు మావా. కాస్త ఓపిక పట్టు."

తలుపు వెనక ఎవరో బరువుగా నిట్టూర్చారు. గది ఖాళీ అని హైమకు తెలుసు. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ వెంటనే, తన మీద తనకే అసహ్యం వేసింది.

"ప్రసన్నా, స్క్రూడ్రైవర్ పట్రా."

"రేపు జడ్జీలొస్తారు కదండీ?"

"రానీ. మీ నాన్నగారిని ఇంకా ఎంతసేపు నిలబెడతాం?"