గుమ్మం కడగని పదకొండు రోజులు

ఆ వీధిలో తెల్లారిందంటే బ్రష్షుల చప్పుడే. ఎవరైనా ఒకచోట గంటకు పైగా కదలకుండా నిలబడితే వాళ్ళ నీడ అక్కడే అంటుకుపోతుంది కదా, పొద్దున్నే దాన్ని కడుక్కోవాలి. బస్సు కోసం పడిగాపులు పడినవాళ్ళవి, కబుర్లలో పడి పొయ్యి మీద పాల సంగతి మర్చిపోయినవాళ్ళవి, మూల మీద ఎవరి కోసమో కాపుకాసిన కుర్రాడిది, ఎన్నని. సబ్బునీళ్ళు పోసి గట్టిగా నాలుగు రుద్దులు రుద్దితే పోతాయి. వదిలేసినా ఎండకు పదిహేను రోజుల్లో వెలిసిపోతాయనుకోండి, కానీ అన్నాళ్ళు వదిలేసిన ఇల్లాలిని వీధి ఊరుకుంటుందా? నమిలి మింగేస్తుంది.

దర్జీ అమ్మాయి అందరికంటే ముందు లేచేది. అమ్మాయి అంటున్నానే గానీ ముప్పై రెండేళ్ళ మనిషి, రెండో తరగతి చదివే కూతురుంది. కూతురు నిద్ర లేవకముందే బకెట్టు, బ్రష్షు పట్టుకుని గేటు దాటి వెళ్ళి, ఎదురుగా కరెంటు స్తంభం కింద పడున్న నీడను కడిగేసేది. అది ఆమె గుమ్మం ముందుది కాదు, కడగక్కర్లేదు కూడా. కానీ ఆ నీడ తల తన ఇంటివైపే ఉండేది, కుడి భుజం ఎడమ భుజం కంటే వేలెడు కిందికి ఉండేది. ఎనిమిదేళ్ళు ఆ భుజానికి చొక్కాలు కుట్టింది తను. అది ఎవరిదో ఇంకొకరు చెప్పాలా?

విడాకులై పది నెలలైంది. ఆమె మాజీ మొగుణ్ణి అందరూ మర్యాదస్తుడనేవారు. నిజమే, చిన్నపిల్లల్ని కూడా మీరు అంటాడు, గొంతు పెంచడు. ఆదివారం పొద్దున పదింటికి కూతుర్ని తీసుకెళ్ళి సాయంత్రం అయిదింటికి తేవాలని కోర్టు చెప్పింది. అతను ఏడున్నరకు తెచ్చి, ఆ రెండున్నర గంటలూ తల్లి గేటుకీ వీధి మలుపుకీ తిరిగాక, "ట్రాఫిక్ అండీ, క్షమించాలి" అనేవాడు. టైలరింగ్ షాపు యజమానికి ఫోన్ చేసి, ఆవిడకి మనసు సరిగా ఉండటం లేదు, కత్తెరలు కాస్త దూరంగా పెట్టించండి అని ప్రేమగా చెప్పేవాడు. కూతుర్ని తనకే ఇప్పించమని మూడు పిటిషన్లు వేశాడు. ఒకటి కొట్టేస్తే ఇంకొకటి. వాయిదా వచ్చిన ప్రతిసారీ ఆమె సెలవు పెట్టుకుని కోర్టు బెంచీ మీద కూర్చోవాల్సిందే. మధ్యలో ఓ రోజు మెసేజ్ వచ్చింది: పడగ్గదికి ఆ నీలం కర్టెన్లు బాగోలేవు. కూతురు చెప్పి ఉంటుందిలే అనుకుంది. అనుకుందే గానీ, ఆ రోజు కుట్టిన రెండు ప్యాంట్లూ పొట్టైపోయాయి.

ఈ సంగతి తల్లికి చెబితే, "కొట్టాడా? తిట్టాడా? నిలబడ్డాడు, అంతేగా. కన్నతండ్రికి పిల్ల మీద మమకారం ఉండదూ?" అంది. దర్జీ అమ్మాయి కూడా తనకు తాను అదే చెప్పుకునేది. మరి పొద్దున్నే బ్రష్షు పట్టుకుంటే కన్నీళ్ళు ఎందుకొస్తాయో మాత్రం ఎవర్నీ అడగలేదు.

ఒక పొద్దున నీడ స్తంభం కింద లేదు. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగేసరికి గేటు లోపల, మెట్టు మీద ఉంది. తల తలుపును ఆనుకుని ఉంది.

ఆ రోజే ఒక లాయరమ్మ తన నల్లకోటు చేతుల పొడవు తగ్గించుకుందామని షాపుకు వచ్చింది. కొలత తీస్తుంటే దర్జీ అమ్మాయి చేతులు చూసింది. సబ్బుకు ఒరిసిపోయి వేళ్ళ సందులు ఎర్రగా ఉన్నాయి. ఏమిటని అడిగింది. ఎప్పుడూ నోరు విప్పని మనిషి, కోటుకు సగం గుండుసూదులు గుచ్చి ఆపేసి, అంతా చెప్పేసింది.

లాయరమ్మ విని, "నీడలన్నీ కడిగేశావా?" అంది.

"అన్నీ కడిగేశాను మేడమ్."

"పది నెలల సాక్ష్యం. నీ చేత్తోనే కాలవలో పోశావు." లాయరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "విడాకులు పెళ్ళికి ఇచ్చారమ్మాయ్, అతని బుద్ధికి ఇవ్వలేదు. ఆలస్యంగా తేవడం, షాపుకు ఫోన్లు, పిటిషన్ల మీద పిటిషన్లు, ఈ నిలబడటాలు, ఇవన్నీ విడివిడిగా చూస్తే ఏమీ లేనట్టే ఉంటాయి. కలిపి చూడు. దీన్ని హింస అంటారు. విడిపోయాక కూడా సాగే హింస. దీనికి చట్టం ఉంది, రక్షణ ఉత్తర్వు అడగొచ్చు."

హింస అన్న మాట వినగానే దర్జీ అమ్మాయికి ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇన్నాళ్ళూ తన పిరికితనం అనుకున్నదానికి వేరే పేరుందని తెలిస్తే ధైర్యం రావాలి. ఆమెకు మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అంటే నిజంగానే భయపడాల్సిన పనేనన్నమాట.

మెసేజులన్నీ దాచమని, కూతుర్ని ఎన్నింటికి తెచ్చాడో ప్రతి ఆదివారం తారీఖుతో రాయమని లాయరమ్మ చెప్పింది. రక్షణ ఉత్తర్వు కోసం పిటిషన్ వేసింది. పన్నెండో రోజు పొద్దున కోర్టు నుంచి నీడల కొలతల గుమాస్తా వస్తాడు, అంతవరకు ఒక్క చుక్క నీళ్ళు పోయకు అంది. ఆ పై సోమవారమే అతని మూడో పిటిషన్ వాయిదా. ఈలోగా ఏ రుజువూ లేకపోతే, మనసు సరిగా లేని తల్లి అన్న అతని మాటే జడ్జిగారి ముందు మిగులుతుంది. పిల్ల అతని ఇంటికి వెళ్ళిపోతుంది.

ఇక ఆ పదకొండు రోజులూ ఏం చెప్పమంటారు. మెట్టు మీద ఒకటి, కిటికీ కింద ఒకటి, నీళ్ళ కుళాయి దగ్గర ఒకటి. అతను ఎదురుగా ఉంటే తలుపు వేసుకోవచ్చు. నీడకు తలుపు వేస్తే ఏం లాభం? షాపు నుంచి వచ్చి వాటిని దాటుకుంటూ తాళం తీయాలి. కూతురు అమ్మ చేయి పట్టుకుని, మెట్టు మీద దాన్ని తొక్కకుండా ఒక్క గెంతు గెంతేది. ఎందుకు కడగడం లేదని ఆ పిల్ల అడగలేదు. పక్కింటివాళ్ళు అడిగారు. గుమ్మం ముందు మగనీడలు పేరుకున్నా పట్టని ఆడది అని వీధి కుళాయి దగ్గర అనుకున్నారు. ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవినే పడింది. తలవంచుకుని పోయింది. బకెట్టు మాత్రం బాత్రూంలోనే బోర్లించి ఉంచింది.

పదకొండో రోజు సాయంత్రం తోడుగా ఉంటానని తల్లి వచ్చింది. తెల్లవారుజామున దర్జీ అమ్మాయికి ఎన్నాళ్ళకో కాస్త గాఢంగా నిద్ర పట్టింది. బ్రష్షు చప్పుడుకు మెలకువ వచ్చింది. వీధిలో బ్రష్షులేగా అనుకుంది. కానీ చప్పుడు మరీ దగ్గరగా వినబడుతోంది.

తలుపు తీసేసరికి మెట్లు తళతళలాడుతున్నాయి. తల్లి చీపురుతో ఆఖరి నీళ్ళు కాలవలోకి తోస్తోంది. "కోర్టువాళ్ళు వస్తున్నారుగా, గుమ్మం ఇలా ఉంటే ఏమనుకుంటారే? నడుం పడిపోయిందనుకో. ఒక్కటి వదలకుండా కడిగాను" అంది, మెచ్చుకుంటుందని చూస్తూ.

దర్జీ అమ్మాయి ఆ తడి మెట్టు మీదే కూలబడిపోయింది. తల్లిని ఏమనగలదు? నీడలు కడగొద్దన్న సంగతి ముందుగా చెప్పాలని తనకే తోచలేదు. తెలిశాక ఆ పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. అతిథి వస్తే ఇల్లు కడగడం ఒక్కటే తెలుసు ఆవిడకి.

చెప్పిన టైముకే గుమాస్తా వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. చంకలో రిజిస్టరు, జేబులో టేపు, సుద్దముక్క. మెట్టు చూశాడు, కుళాయి దగ్గర చూశాడు, వంగి కిటికీ కింద వేలితో తడి చూశాడు. జరిగింది ఆమె చెబితే నమ్మాడు కూడా. "నమ్మడం నా పని కాదమ్మా. ఉన్నది కొలిచి రాస్తాను, లేనిది రాయలేను" అని నొచ్చుకుంటూ కలం మూత తీశాడు.

అప్పుడు వాకిట్లోకి వచ్చి నిలబడ్డ కూతురు అడిగింది: "తాతగారూ, లోపలిది కూడా రాస్తారా?"

పిల్ల ముందు నడిచింది, గుమాస్తా వెనకాల, ఆ వెనక దర్జీ అమ్మాయి. పడగ్గదిలో తెరిచిన తలుపు గోడకు చేరే చోట, కొక్కేనికి పిల్ల గౌన్లు, స్వెట్టరు, వానకోటు ఒకదాని మీద ఒకటి తగిలించి ఉన్నాయి. పిల్ల స్టూలు ఎక్కి ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.

గోడ మీద మనిషెత్తు నీడ. కుడి భుజం వేలెడు కిందికి ఉంది. ముఖం మంచంవైపు తిరిగి ఉంది.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు. "ఎండ తగలని చోటు, అందుకే వెలవలేదు. ఏడు పొరలున్నాయమ్మా. ఏడుసార్లు వచ్చి నిలబడ్డాడు" అన్నాడు.

దర్జీ అమ్మాయి గోడనూ మంచాన్నీ మార్చి మార్చి చూసింది. తను షాపులో కాజాలు కుడుతున్నప్పుడు, పిల్ల స్కూల్లో ఉన్నప్పుడు, అతను ఇక్కడ, ఈ తలుపు వెనక నిలబడి ఖాళీ మంచాన్ని చూశాడు. స్కూలు నుంచి ముందే వచ్చే పిల్ల కోసం దాని సంచిలో ఒక తాళంచెవి ఉంచేది తను. ఆదివారాలు ఆ సంచి అతనింటికి వెళ్ళేది. అలాంటిదే ఇంకొకటి చేయించుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నీలం కర్టెన్ల సంగతి ఇప్పుడు తెలిసింది.

"ఎప్పుడు చూశావే?" అంది పిల్లవైపు తిరిగి.

"వానల సెలవులప్పుడు."

"నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"నువ్వు రోజూ బయటిది కడుగుతూ ఏడుస్తావుగా. ఇదీ కడగాలంటే ఇంకా ఏడుస్తావని."

దర్జీ అమ్మాయి కూతుర్ని పొదివి పట్టుకుంది. గుమాస్తా వాళ్ళవైపు చూడకుండా సుద్దతో గుర్తులు పెట్టి, టేపు పట్టి, భుజాలు, మెడ, చేతి పొడవు అన్నీ రెండేసి సార్లు కొలుచుకున్నాడు.

సోమవారం కోర్టులో మర్యాదస్తుడు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. వీధి అందరిదీ కదండీ, బిడ్డను చూసుకోవాలని ఓ పక్కన నిలబడటం తప్పంటే ఒప్పుకుంటాను అన్నాడు చేతులు కట్టుకుని. జడ్జిగారు రిజిస్టరు తిప్పి, పడగ్గది తలుపు వెనక కూడా అందరిదేనా అని అడిగారు. గుమాస్తా అతన్ని గోడకు నిలబెట్టి కొలిచాడు. వేలెడు తేడా సరిగ్గా సరిపోయింది. అతను మొదటిసారి గొంతు పెంచాడు, ఆ గోడ చూపించింది ఎవరని. జడ్జిగారు కూర్చోమన్నారు.

అతని పిటిషన్ కొట్టేశారు. ఇంటికి, షాపుకు, స్కూలుకు అతను దగ్గరగా రాకూడదు. ఫోను, మెసేజి చేయకూడదు. బిడ్డను చూడాలంటే కోర్టు గదిలో, కోర్టు మనిషి ఎదుట మాత్రమే. దాటితే అరెస్టు.

దర్జీ అమ్మాయి ఉత్తర్వు కాగితం తీసుకుని, దారిలో తాళాలు మార్చేవాణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. భయం పోయిందా అంటే పోలేదు. మలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి చూసింది. తాళాలవాడు తాళం బిగిస్తుండగా కూతురు ఆ కాగితం అడిగి తీసుకుని నేల మీద కూర్చుంది. పెద్ద మాటల దగ్గర తడబడుతూ, వేలు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ఆఖరిదాకా చదివింది. మళ్ళీ మొదటికి వచ్చింది. అప్పుడు తలెత్తింది. పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, నేను చూపించానని ఇందులో ఎక్కడైనా రాశారా?"

కోర్టులో అతను అరిచిన అరుపు దర్జీ అమ్మాయికి గుర్తొచ్చింది. కాగితం లాక్కుని గుమాస్తా నివేదిక పేజీ వెతికింది. పడగ్గది తనిఖీ చేయగా తలుపు వెనక గోడ మీద నీడ కనబడింది అని రాసి ఉంది. కొలతలున్నాయి, పొరలున్నాయి, తారీఖు, సంతకం ఉన్నాయి. రెండోసారి ఆ పేజీ అంతా వెతికింది, వెనక్కి తిప్పి కూడా చూసింది.

"రాయలేదమ్మా. ఎక్కడా రాయలేదు. తాతగారు తనే చూసుకున్నట్టు రాశారు."

"నిజంగా?"

"నువ్వే చూడు."

పిల్ల ఆ వాక్యం మీద వేలు పెట్టి, మెల్లగా, పెదాలు కదుపుతూ ఇంకోసారి చదువుకుంది. కాగితం మడిచి అమ్మ చేతికిచ్చింది.

"అమ్మా, ఆకలేస్తోంది" అంది.