వినే గొట్టం

కృపానందం మేష్టారు సాయంత్రం పూట లైబ్రరీ అరుగు మీద కూర్చుని నవల చదివి వినిపిస్తుంటే, నాపరాళ్ళ క్వారీ నుంచి వచ్చినవాళ్ళు ఒంటి మీది దుమ్మైనా దులుపుకోకుండా చుట్టూ చేరేవాళ్ళు. ఏదో పరాయి దేశపు నవల, తెలుగులోకి దించింది. అందులో ప్రతి ఇంటి దీపంగూట్లోనూ ఒక ఇత్తడి చెవి ఉంటుంది. ఎవరేం మాట్లాడినా పైనున్న ఏలికకి చేరిపోతుంది. అక్కడ మొగుడూ పెళ్ళాం కూడా సైగలతోనే కాపురం చేస్తారు.

“ఎక్కడిదోలే అనుకోకండి. రేపు మన ఊరి కథ కూడా ఇదే కావచ్చు” అన్నారు మేష్టారు.

రేపటిదాకా ఆగటం చెన్నయ్య వల్ల కాలేదు. ఐదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టి లారీ ఎక్కిన మనిషి. రోజుకొకరిని బోల్తా కొట్టించకపోతే అన్నం అరగదు. మాచర్లలో మౌలాలీ మైకుసెట్టు షాపులో మూలన పడున్న చచ్చిన మైకు గొట్టం ఒకటి తెచ్చి, లైబ్రరీ గుమ్మం మీద బిగించి, వైరు గోడ వెనక్కి వదిలేశాడు.

“పైనోళ్ళు జీపేసుకొచ్చి పెట్టిపోయారు మామా” అని టీకొట్టు దగ్గర ఒకడి చెవిలో ఊదాడు. “మనూళ్ళో గొడవలు ఎక్కువైనాయంట. ఇది మాట్టాడే గొట్టం కాదు, వినే గొట్టం. ఎవురికీ చెప్పమాక.”

చెప్పొద్దన్నాడు కాబట్టి పొద్దుగూకేలోగా ఊరంతా తెలిసింది.

ఇక జనం దాని కింద పిల్లుల్లా నడుస్తారు, చూసి నవ్వుకోవచ్చని చెన్నయ్య లైబ్రరీ లోపల పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మొదట రంగనాయకమ్మ వచ్చింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని తలెత్తింది.

“అయ్యా, బోరింగు చెడిపోయి ఎండాకాలం గూడా దాటింది. ఏం జేస్తన్నారయ్యా మీరు?”

ఆమె వెనక ఒకాయన కరెంటు సంగతి చెప్పుకున్నాడు. ఇంకొకామె రేషను కిరసనాయిలు గురించి తిట్టిపోసింది. నవ్వాపుకోలేక చెన్నయ్య చేతిలో పేపరు ఊగిపోతోంది. మేష్టారికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

“అమ్మా, పుస్తకంలో వాళ్ళు ఆ చెవికి భయపడి చస్తుంటే, మీరు ఎదురొచ్చి నిలబడతారేమిటి?”

“మా మాట వినేవోడు దొరకటమే చానా గొప్ప మేష్టారూ. భయపడే సంగతి ఆనక చూద్దాంలే” అంది రంగనాయకమ్మ.

మర్నాడు దుర్గమ్మ వచ్చింది. ఆమె మొగుడు శివయ్య కాలు మీద క్వారీలో రాయి పడింది. నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్నాడు. తాగి పనిలోకి వచ్చాడు కనక వైద్యం ఖర్చు తాను పెట్టనని కాంట్రాక్టరు నాగేశ్వరరావు అంటున్నాడు.

“మా ఆయన తాగలేదయ్యా” అంది గొట్టంతో, మెల్లిగా. “రేపు ఈడనే పెద్దమనుషులు కూచుంటన్నారు. నా తరపున మాట్టాడేవోళ్ళు లేరు. నువ్వు విన్నావుగా, అది చాలు.”

లోపల పేపరు ఊగటం ఆగిపోయింది. విన్నవాడు చెన్నయ్య ఒక్కడే.

“ఇప్పుడేంది మేష్టారూ చెయ్యటం?” అన్నాడు, ఆమె వెళ్ళాక మేష్టారికి ఉన్నదంతా చెప్పేసి.

“ఉత్త గొట్టమని చెప్పెయ్యి. ఆమెకి దొంగ ధైర్యం ఇచ్చావు నువ్వు.”

“చెబితే అది గూడా పోద్దిగా?”

మేష్టారు గొట్టం వైపోసారి చూసి, నవల చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టారు.

మర్నాడు పంచాయితీకి వచ్చిన నాగేశ్వరరావు గుమ్మం పైకోసారి చూశాడు.

“ఎండగా ఉంది, మా షెడ్డు కాడికి పోదాం పదండి.”

“ఈడనే మాట్టాడన్నా” అంది దుర్గమ్మ.

ఆయన కళ్ళు చెన్నయ్య మీద పడ్డాయి. “ఒరేయ్ చెన్నిగా, ఇది నీ పనేగా? నీ వేషాలు నాకు తెలవ్వా?”

అందరూ అటు తిరిగారు. దుర్గమ్మ కూడా.

“నా పనే బాబాయ్!” అన్నాడు చెన్నయ్య పళ్ళికిలించి. “మౌలాలీ షాపులోంచి తెచ్చా. చచ్చిన గొట్టం. రా, దీని కింద నిలబడి చెప్పు, శివయ్య తాగాడని. ఎవురూ వినరు, నాదీ పూచీ!”

చెన్నయ్య నోట నిజం విన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

“నన్ను ఇరికిద్దామనంట్రా?” అని గొణిగాడు నాగేశ్వరరావు. ఉన్నచోటు నుంచి కదల్లేదు.

“తాగాడా లేదా, చెప్పరాదా?” అన్నాడొక పెద్దమనిషి.

“నేను కళ్ళతో చూళ్ళేదులే. ఎవరో అన్నారు. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకుంటా.”

“కాలు నయమయ్యేదాకానా?” అడిగింది దుర్గమ్మ.

“ఆఁ, నయమయ్యేదాకా.”

“గట్టిగా చెప్పన్నా. పైకి వినపడాల.”

నాగేశ్వరరావు తలెత్తి, గొట్టం వైపు చూస్తూ, ఊరంతా వినపడేట్టు చెప్పాడు.