మూత పెట్టిన గ్లాసు

సంఘాలమ్మ అసలు పేరు సంఘాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. జీతాల రోజున క్యాషియరు కూడా "సంఘాలమ్మా, ఇటు రా" అనే పిలుస్తాడు. రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంఘాలు మొత్తం ఎన్ని అని పైవాళ్ళు ఎప్పుడైనా అడిగితే, సూపర్నెంటు ముందు దగ్గుతాడు, తర్వాత ఫ్యాను వైపు చూస్తాడు, చివరికి ఆమె వైపు చూస్తాడు. వేలకు వేలు ఉన్నాయన్నది అందరికీ తెలిసిందే. వాటిలో ఊపిరి ఉన్నవి ఏవో, పేరు మాత్రం మిగిలినవి ఏవో తేల్చడం ఆమె పని. సంఘం పుట్టినప్పుడు పెట్టేవాళ్ళు ఏడుగురూ కలిసొచ్చి, సంతకాలు చేసి, ఫోటో దిగి మరీ వెళ్తారు. పోయినప్పుడు మాత్రం ఒక్కరూ వచ్చి చెప్పరు.

అందుకని ఆమే వెళ్తుంది. మెట్లెక్కి, తలుపులు కొట్టి, ఉన్నారా పోయారా అని ఆరా తీస్తుంది. ఎన్ని రకాలు చూసిందో చెప్తే నమ్మరు. రక్తదాతల సంఘం చూసింది, రక్తం చూస్తే కళ్ళు తిరిగే ఆ సంఘం కార్యదర్శినీ చూసింది. చెవిటి పిల్లల బడి, కుట్టుపని నేర్పే మహిళా మండలి, రిటైరైన డ్రైవర్ల సమాఖ్య. ఒకే సందులో పావురాల ప్రేమికుల సంఘాలు రెండు. వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవు, పావురాలు మాత్రం రెండు చోట్లా తింటాయి. పొద్దున్నే పార్కులో కూడి నవ్వేవాళ్ళకో సంఘం, ఆ నవ్వులు ఆపించడానికి పార్కు పక్క ఇళ్ళవాళ్ళకో సంఘం. రెండోది బ్రహ్మాండంగా నడుస్తోంది.

సంఘం బతికుందో లేదో తెలుసుకోవడానికి ఆమెకో సొంత పద్ధతి ఉంది. బోర్డు చూడదు, బీరువా తెరవమనదు. తిన్నగా గది మూలకి వెళ్ళి టీ గ్లాసులు చూస్తుంది. నలుగురు కూడే చోట కడగని గ్లాసు ఒక్కటైనా ఉండి తీరుతుంది. అడుగున తడి ఉంటే నడుస్తున్నట్టు, మరక ఎండి పెచ్చు కడితే మూలపడ్డట్టు, సాలీడు కాపురం పెట్టి ఉంటే పోయినట్టు. ఈ పద్ధతి విని మొదట్లో పగలబడి నవ్విన సూపర్నెంటు, ఇప్పుడు కొత్తవాళ్ళకి తనే కనిపెట్టినట్టు చెప్తున్నాడు. ఒక్క నియమం మాత్రం ఆమె ఎన్నడూ తప్పలేదు. తనిఖీకి వెళ్ళిన చోట టీ తాగదు. తాగితే ఆ సంఘం మనిషివైపోతావని ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద గుమాస్తా చెప్పాడు.

వానాకాలంలో ఆమె తల్లి పోయింది. ఇంట్లో ఉన్నదే ఇద్దరు, తల్లీ కూతురూ. కూతురు ఆలస్యంగా వచ్చే రోజున తల్లి టీ కాచి, గ్లాసు మీద సాసరు బోర్లించి ఉంచేది. అంచు విరిగిన సాసరు అది. పారేద్దామంటే ససేమిరా అనేది. ఇంకో అలవాటు, గ్యాస్ భయం. కూతురు గడప దాటే ప్రతిసారీ "గ్యాస్ కట్టేశావా?" అని అడగందే ఊరుకునేది కాదు.

ఆస్పత్రి మంచం మీద కూడా అదే అడిగింది. ఆ మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "గ్యాస్ కట్టేశావా?" అంది. పొద్దున పాలు కాచిన మాట గుర్తుంది గానీ, కట్టేసిన మాట కూతురికి గుర్తు రాలేదు. "చూసొస్తానమ్మా, ఎంతసేపు" అని ఆటో ఎక్కింది. ఇంటికెళ్ళి చూస్తే కట్టేసే ఉంది. ఆ మాట చెబుదామని పరుగున తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి ముఖం దాకా లాగేసి ఉంది.

"ఒంటరిగా ఏం పోలేదండీ, బాధపడకండి" అంది నర్సు. "మీవాళ్ళొకాయన చివరిదాకా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు."

"మాకెవరూ లేరండీ."

"మరి ఆయనెవరు? కుడిచేతి బొటనవేలు సగమే ఉంది. గోధుమరంగు స్వెట్టరు."

ఎవరో ఏమిటో నర్సుకీ తెలియదు. తల్లి పోయిన దుఃఖం ఎలాగో దిగమింగింది గానీ, అమ్మకి జవాబు చెప్పలేకపోయిన ఆ గ్యాస్ ప్రశ్న మాత్రం కూతుర్ని లోపల్నించి తొలిచేస్తూనే ఉంది. అమ్మ ఆ దిగులుతోనే పోయిందా? ఆ ముక్కూమొహం తెలియని మనిషిని కూడా అదే అడిగిందా? ఇంట్లో ఆ విరిగిన సాసరు కోసం వెతికింది, కనీసం అదైనా దాచుకుందామని. అటక మీదా చూసింది, మంచం కిందా చూసింది. దొరకలేదు.

చలికాలం మొదట్లో 'తోడు' అనే సంఘాన్ని తనిఖీ చేసే వంతు వచ్చింది. ఎవరూ లేనివాళ్ళు ప్రాణం విడిచే వేళ పక్కన కూర్చోవడం ఆ సంఘం పని. అడ్రసు చూస్తే ఒక పాత మేడ. కింద కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు, పైన సంఘం గది. కొట్టులో మేస్త్రి నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచాడు.

"ఆ సంఘం ఎప్పుడో పోయిందమ్మా. పెట్టినాయన బస్సు కండక్టరు. ఆయన పోయినప్పుడు మా అమ్మాయి ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. నువ్వు పోయిందని రాసేస్తే ఆ గది నాకు అద్దెకిస్తామన్నారు. చూడు, మిషన్లన్నీ ఎలా వీధిలో పడున్నాయో."

"చూడకుండా రాయనండీ."

"చూసే రాయి. నాకేం తొందర" అని తాళంచెవి తీసిచ్చాడు. తొందర ఆయన మొహంలోనే కనిపిస్తోంది.

తాళం తుప్పు పట్టి, తిరగడానికి మొరాయించింది. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే ఆమెకి తగిలింది వాసన. మూసిన గదిలో రావలసిన ముక్కిపోయిన వాసన కాదు, అప్పుడే మరిగిన టీ వాసన. కిటికీలు బిగించి ఉన్నాయి. నేల మీద దుమ్ము పరిచినట్టుంది, దాని మీద ఒక్క అడుగు గుర్తూ లేదు. మధ్యలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. వాటి సీట్లు మాత్రం ఇప్పుడే లేచి వెళ్ళినట్టు నున్నగా, దుమ్ము లేకుండా ఉన్నాయి. ప్రతి కుర్చీ ముందూ నేల మీద ఒక గ్లాసు. ఆమె వంగి ఒకటి ముట్టుకుంది. అడుగున రెండు గుక్కలు మిగిలిన టీ, గోరువెచ్చగా.

గ్లాసు వదిలేసి లేచింది. అయినా ఉద్యోగం ఉద్యోగమే కదా, గోడ మీద ఫోటో దగ్గరికి వెళ్ళింది. కొత్తగా సంతకాలు చేసిన ఏడుగురూ వరసగా నిలబడ్డారు. మధ్యలో ఉన్నాయన చేతిలో కండక్టర్ల టికెట్ డబ్బా. ఆ డబ్బాని పట్టుకున్న చేతికి బొటనవేలు సగమే ఉంది.

పట్టు కోసం కుర్చీ అందుకోబోయి, దాని ముందున్న గ్లాసు చూసింది. మిగతా గ్లాసులన్నీ తాగేసి ఉన్నాయి. ఈ ఒక్కటీ నిండుగా ఉంది కాబోలు, పైన సాసరు బోర్లించి ఉంది. సాసరు అంచు విరిగి ఉంది.

ఎలా దిగిందో తెలియదు, కొట్టులో మేస్త్రి ఎదురుగా నిలబడి ఉంది.

"పైకెవరు వస్తారు?"

"ఎవరొస్తారమ్మా, తాళం చూశావుగా."

"ఆ సంఘానికి నియమాలేమైనా ఉండేవా? కండక్టరు గారు చెప్పేవారా?"

మేస్త్రి స్క్రూడ్రైవరుతో చెవి వెనక గోక్కున్నాడు. "ఒకటుండేది. వాళ్ళు ఎవరి పక్కన కూర్చుంటే, వాళ్ళింట్లోంచి ఒకరొచ్చి ఇంకెవరి పక్కనైనా కూర్చోవాలి. బతిమాలడం, బెదిరించడం ఏం లేవు. పైకొచ్చి ఒక గ్లాసు టీ తాగితే ఒప్పుకున్నట్టు."

"ఎవరూ రాకపోతే?"

"నేనూ అదే అడిగానమ్మా. రాకపోతే పోయినవాళ్ళే వచ్చి కూర్చుంటార్లే, ఇంట్లోవాళ్ళు వచ్చేదాకా, అనేవాడు. వేళాకోళం మనిషి." నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "ఏమైందమ్మా? మంచినీళ్ళు తాగుతావా?"

ఆమెకి అప్పుడు భయం వెయ్యలేదు. సిగ్గేసింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఒక అంతస్తు ఎక్కితే మూడుచోట్ల ఆగేది. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. అప్పట్నించీ ఈ మెట్లెక్కుతూ దిగుతూ, కూతురు చెయ్యాల్సిన పని తను చేస్తూ, రోజూ ఆ గ్లాసు మీద మూత పెట్టి ఎదురుచూస్తోందన్నమాట.

మళ్ళీ పైకెక్కింది. దుమ్ములో ఆమె అడుగులే ఉన్నాయి, ఇందాక వచ్చినవీ వెళ్ళినవీ. తాగేసిన గ్లాసులు ఇందాక ఉన్న చోటే ఉన్నాయి గానీ, కుర్చీలు మాత్రం అన్నీ ఇప్పుడు మూత పెట్టిన గ్లాసు వైపు తిరిగి ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడకుండా వెళ్ళి కూర్చుంది. సాసరు తీసింది. మొహానికి ఆవిరి కొట్టింది. పంచదార తక్కువ, డికాక్షను ఎక్కువ. ఈ రుచి ఇంకెవరి చేతికీ రాదు. ఉద్యోగంలో మొదటిసారి నియమం తప్పి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. తాగుతున్నంతసేపూ చుట్టూ ఎవరో ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. గ్లాసు కింద పెట్టగానే కుర్చీలన్నీ ఒకేసారి, మెల్లగా, కిర్రుమన్నాయి.

సంఘం నడుస్తోందని రాసింది. సభ్యుల్లో బతికున్న ఒక్కరినైనా ఎదురుగా చూశారా అన్నచోట చూశానని రాసింది. అబద్ధమేం కాదు, దిగేటప్పుడు మెట్ల కిటికీ అద్దంలో చూసుకుంది. మేస్త్రి తన మిషన్ల వైపు చూసి నిట్టూర్చి, తాళంచెవి తీసుకున్నాడు.

అక్కణ్ణించి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళింది. అదే వార్డు, అదే నర్సు. తోడు సంఘం తరఫున వచ్చానంటే నర్సు గుర్తుపట్టి, ఆశ్చర్యంగా చూసింది. "ఆ చివరి మంచం పెద్దాయనకి ఎవరూ లేరండీ. సాయంత్రం దాటడం కష్టమంటున్నారు" అంది.

పెద్దాయన ఎముకల గూడులా ఉన్నాడు. కుడిచెయ్యి దుప్పటి బయట పెట్టి ఉంది. వేళ్ళు లోపలికి ముడిచి, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టున్నాయి. పక్కనే స్టూలు. ఆమె దాన్ని దగ్గరికి లాక్కోబోయింది.

"ఆగమ్మా" అన్నాడు ఆయన సన్నగా. "ఆవిడ కూర్చునుంది కదా."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టూలు ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంది గానీ, దాని కోళ్ళ కింద నేల బరువుకి నొక్కుకున్నట్టు చిన్నగా చప్పుడు చేసింది.

"పొద్దుట్నించీ ఉందమ్మా పాపం. చెయ్యి ఒకటే చల్లన. వదలదు."

"ఏమైనా... మాట్లాడుతోందా?"

"ఒక్కటే మాట. వచ్చిన దగ్గర్నించీ అదే అడుగుతోంది." పెద్దాయన విసుగ్గా కళ్ళు మూసి తెరిచాడు. "నేనేం చెప్పను? నాకు ఇల్లే లేదు, ఇంక పొయ్యెక్కడిది?"

వార్డులో ఎక్కడో ట్రే చప్పుడైంది. ఆమె స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కట్టేసే ఉందమ్మా" అంది. "నేను వెళ్ళి చూశాను. కట్టేసే ఉంది."

పెద్దాయన వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుని, చెయ్యి వాలి దుప్పటి మీద పడింది.

"లేచింది" అన్నాడు. ఆయన చూపు స్టూలు మీంచి కదిలి, మంచాల మధ్యనుంచి మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ, తలుపు దాకా వెళ్ళింది. మూడుచోట్ల ఆగింది. "ఇంక నువ్వు కూర్చో."

ఆమె కూర్చుంది. స్టూలు మంచులా ఉంది. ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీది వెచ్చగా ఉందమ్మా" అన్నాడు పెద్దాయన. "టీ తాగి వచ్చావా?"